నీలం రంగేసిన అల్మారీ

జల్‌పల్లిలో కట్టుకున్న ఇంటికి మేము మారిన వారం అత్తమ్మను దబీర్‌పురాలో ఆడబిడ్డ ఇంట్లో ఉంచాం. ఆమెకు అప్పటికే చూపు బాగా మందగించింది. వెలుతురూ నీడా తెలుస్తాయి, ముఖాలు తెలియవు. అంతకుముందు ఉన్న మాదన్నపేట కిరాయి ఇంట్లో మాత్రం ఆ సంగతి చుట్టాలు కూడా కనిపెట్టలేకపోయేవారు. గోడ పట్టుకోకుండా తిరిగేది. నేను లేచేసరికి బియ్యం కడిగి పెట్టేది. ఆడబిడ్డ ఇంటికి పోతూ ఒక్కటే చెప్పింది.

"నా అల్మారీ ఒక్కటి తీస్కపోన్రి బిడ్డా. అదుంటె తక్కిన ఇల్లు నేనే నేర్చుకుంట."

అదేమీ టేకు అల్మారీ కాదు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పాత సామాన్ల బండి మీద కొన్నది. రెండు తలుపులు, ఒక కాలి కింద మడిచిన అట్టముక్క, ఒళ్లంతా సొట్టలు, మసి. కొత్త సున్నం గోడ పక్కన నిలబెడితే పెళ్లికి పాత లుంగీతో వచ్చినట్టుంది. "కబాడీ తుక్కుకు ఏద్దాం" అన్నాడు మా ఆయన. నాకు ఒళ్లు మండింది. దీన్ని పెళ్లికూతురిని చేసి చూపిస్తానని పంతం పట్టాను. పంతం పడితే నాకు ముందూ వెనకా కనిపించవు.

"జిడ్డు మీద రంగు నిలవడదక్కా" అన్నాడు రంగుల దుకాణం భాయ్. "ముందుగాల పూరా సాఫ్ చెయ్యి. గరుకు కాగితం కొట్టు, సొట్టలకు లప్పం వెట్టు. గప్పుడు రంగెయ్యి."

సోడా నీళ్లతో కడిగాను. కుడి తలుపు మీద, భుజమెత్తులో, అత్తమ్మ ప్రతి శుక్రవారం పెట్టిన పసుపు కుంకుమ నూనెతో కలిసి పెచ్చు కట్టి ఉంది. ఆ తలుపు వెనక బియ్యం ఉంటాయి, లక్ష్మి అని పెట్టేది. అది ఊడడానికే ఒక పూట పట్టింది. అంతా గీకి పారేశాక చేతులు దులుపుకుని మురిసిపోయాను.

ఆ తర్వాతి మూడు రోజులు కలలో గడిచినట్టు గడిచాయి. నెమలి నీలం తెచ్చాను. చుట్టూ ఇంకా ఖాళీ ప్లాట్లే కాబట్టి ఎండ అడ్డం లేకుండా లోపలికి వచ్చేది. తడి రంగు మీద పడితే ఆ నీలం గోడకీ, నేలకీ, నా మోచేతులకీ పాకేది. టర్పెంటైన్ వాసనకు తల తేలిపోయేది. కుంచె పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి. ఒకరోజు అన్నం వండడం కూడా మరిచిపోయాను. ఇంత వెలుగు రంగు అత్తమ్మ కంటికి ఆనకపోతుందా, గడపలోంచే గుర్తుపడుతుంది అనుకున్నాను.

సోమవారం ఆడబిడ్డ ఆమెను ఆటోలో దింపి వెళ్లింది. చెయ్యి పట్టుకుని తెచ్చి అల్మారీ ముందు నిలబెట్టాను. ఆమె కుడి చెయ్యి అలవాటుగా భుజమెత్తుకు లేచింది. తలుపును తడిమింది. పక్కకు, పైకి, కిందికి. చెయ్యి నున్నగా జారిపోయింది.

"నా అల్మారీ ఏడ వెట్టిన్రు?"

"ఇదే అత్తమ్మా. రంగేసిన."

"ఎవలదో తెచ్చిన్రు. మనదైతె చేతికి బొట్టు తగల్తుండె. బొట్టు కాడికెళ్లి జానెడు కిందికొస్తె గడియ. గట్లనే తెర్తుంటి."

ఆమె ఇల్లంతా ఆ పెచ్చు దగ్గరే మొదలయ్యేదని, దాన్ని నేనే సోడా పెట్టి కడిగేశానని అప్పుడు తెలిసింది.

ఆ రోజు నుంచి కుర్చీలో చుట్టంలా కూర్చుంది. "బిడ్డా, జెర మంచినీళ్లియ్యవా" అని అడిగేది. నా పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె నన్ను నీళ్లు అడగడం అదే మొదలు. నన్ను తిట్టినా బాగుండేది. ఆ చోట లప్పం ముద్ద ఒకటి అంటించి ఆమె చేత తాకించాను. "గిదేంది, మొటిమనా?" అని నవ్వి చెయ్యి తీసేసుకుంది.

శుక్రవారం పసుపు కుంకుమ నూనెలో చిక్కగా కలిపి, ఆమె వేలు పట్టుకుని పాత చోటే పెట్టించాను. ఆమె మళ్లీ తాకి చూసింది. తడి తప్ప ఏమీ లేదు.

"గట్టిగ కావాల్నంటె మస్తు శుక్రారాలు వడ్తయి బిడ్డా. గన్ని దినాలు నేనుంటనా?"

వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే మళ్లీ గిన్నెలో కలిపి తెచ్చాను. "లే అత్తమ్మా, బొట్టు వెడ్దాం."

"ఇయ్యాల శుక్రారమా?"

"ఔ."

నా చెయ్యి పట్టుకుని వచ్చి పెట్టింది. ఆదివారమూ అదే అడిగింది, అదే చెప్పాను. సోమవారం గిన్నెలో చెంచా తిప్పుతున్న చప్పుడు వినగానే తనే కుర్చీలోంచి లేచింది. చేతులు ముందుకు చాపి, మెల్లగా, ఒక్కతే అల్మారీ దాకా నడిచి వచ్చింది.

"ఈ వారంల అన్ని శుక్రారాలే వచ్చినయేందే" అంటూ గిన్నెలో వేలు ముంచింది.