ఎడమ పక్క మనిషి

మా ఆయన దేవదాస్ పందొమ్మిదేండ్లు చెరుకు రైలు నడిపాడు. రైలు అంటే మనుషులు ఎక్కేది కాదు. రుద్రూర్ అవతల అప్పట్లో ఒక చిన్న ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీ ఉండేది, ఇప్పుడు లేదు. దాని సొంత పట్టాలు మోస్రా పొలాల దాకా పోయేవి. బొమ్మ బండిలాంటి బొగ్గు ఇంజను, వెనక చెరుకు నింపిన ఇరవై డబ్బాలు. దీపావళి పోయాక ఫ్యాక్టరీ సైరన్, మేము భోంగా అనేది, మోగితే సీజన్ మొదలు. అప్పటి నుంచి ఎండలు ముదిరే దాకా ఆయన ఇంటికి నల్లగా వచ్చేవాడు. చొక్కా ఎన్ని నీళ్ళలో జాడించినా బకెట్ అడుగున బొగ్గుపొడి మిగిలేది.

ఆ ఇంజను మీద ఇద్దరు ఉండాలి. డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు. ఫైర్‌మన్ ఎడమ పక్క నిలబడి బొగ్గు వేస్తాడు. ముందర బాయిలర్ అడ్డం, కాబట్టి ఎవరి పక్క వాళ్ళకే కనబడుతుంది. బండ్ల బాట పట్టాలను దాటే ప్రతి చోటా ఫైర్‌మన్ ఎడమకు చూసి, బాట ఖాళీగా ఉంటే "సాఫ్" అనాలి. డ్రైవరు కుడికి చూసుకుని తనూ "సాఫ్" అనాలి. రెండు మాటలూ పడితేనే ఇంజను ముందుకు పోతుంది. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, పాతవాళ్ళు కొత్తవాళ్ళకు నేర్పింది.

మా ఆయన ఎడమ పక్క చివరి పదకొండేండ్లు భూమన్నే ఉన్నాడు. మోస్రా మనిషి. సీజన్ మొదటి రోజు చక్రం ముందర అతను కొబ్బరికాయ కొట్టేవాడు, మా ఆయన టోపీ తీసి ప్రార్థన చేసేవాడు, తర్వాత ఇద్దరూ ఆ కొబ్బరి నమిలేవాళ్ళు. బొగ్గు పారను వేడినీళ్ళతో కడిగి, మంటకు పెట్టి, దాని మీదే జొన్నరొట్టెలు వెచ్చబెట్టుకునేవాళ్ళు. నా గిన్నె వాళ్ళింటికి, వాళ్ళ గిన్నె మా ఇంటికి వచ్చేది. "మా అంజవ్వ మొఖం కన్న ఈ నల్ల మొఖమే ఎక్కువ సూసిన వదినా" అనేవాడు భూమన్న. అంజవ్వ అతని భార్య, బీడీలు చేసేది.

ఎనభై ఆరు ఎండాకాలంలో కంపెనీవాళ్ళు డ్రైవర్లు ఆరుగురినీ ఆఫీసుకు పిలిచారు. ఫైర్‌మన్లను పిలవలేదు. బొగ్గు ఇంజన్లు మూడూ ముసలివైనాయి, డీజిల్ ఇంజన్లు తెప్పిస్తామన్నారు. అయితే ముందు డ్రైవర్లు ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాలి. డీజిల్ ఇంజను మీద ఒక్కడే ఉంటాడు. ఎనిమిది గంటల డ్యూటీ పది గంటలవుతుంది. ఏం జరిగినా బాధ్యత ఆ ఒక్కడిదే. సంతకాలు పడితే పుణె కంపెనీకి ఆర్డరు పోతుంది. పడకపోతే ఆర్డరు లేదు, పాతవాటితోనే నడిచినన్నాళ్ళు నడుపుకోండి అన్నారు. ఇంజన్లు ఎన్ని వస్తాయని ఎవరో అడిగితే, నాలుగు అని మేనేజరు అందరి ముందర చెప్పాడట.

దేవదాస్ పెడితే మేమూ పెడతామని మిగతా ఐదుగురూ అన్నారు. ఆయన పదకొండు రోజులు పెట్టలేదు. మరి ఎడమ పక్క ఎవరు చూస్తారు అని మేనేజరును అడిగాడట. మేనేజరు కొత్త ఇంజను బొమ్మ ఉన్న రంగుల కాగితం ఒకటి చూపించి, నాలుగు దిక్కులా అద్దాలే, ఇంకొకడు ఎందుకు అన్నాడట.

పదకొండో రోజు ఆదివారం. మేము చర్చి నుంచి వచ్చేసరికి భూమన్న మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"పెట్టన్నా సంతకం. నాలుగు బండ్లొస్తె ఎనిమిది మంది డ్రైవర్లు గావాలె. ఫైర్‌మన్లల్ల నేనే సీనియర్. ఎన్నేండ్లు బొగ్గెయ్యాలె నేను? నీ పక్కన నిలబడుడే నా నసీబా?"

నవ్వుతూనే అన్నాడు. మా ఆయన నవ్వలేదు. "నాలుగు అని కాగితంల లేదురా. నోటితోని అన్నడు" అన్నాడు.

అప్పుడు నేను నోరు తెరిచాను. నేను తెరవకుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆయన దగ్గు అప్పటికే రెండేండ్ల నుంచి ఉంది. రుమాలు పిండితే నల్లటి నీళ్ళు వచ్చేవి. నాకు ఆ పొగే కనబడింది. అంతమందిల లేచి నిలబడి చెప్పినోడు మాట తప్పుతాడా, పెట్టుండ్రి అన్నాను.

మా చర్చిలో కోత పండుగనాడు ఎవరు ఏమిచ్చేది లేచి నిలబడి చెప్తారు. ఒకరు బస్తా వడ్లు అంటారు, ఒకరు మేకపిల్ల అంటారు. ఏ పుస్తకంలోనూ రాసుకోరు. పదిమందిలో నిలబడి అన్నాక అది తప్పినవాళ్ళను నేను చూడలేదు. మా ఆయన కూడా చూడలేదు. ఫ్యాక్టరీ ఆఫీసు కూడా అట్లాగే ఉంటుందనుకున్నాము. మరుసటి రోజు ఆయన సంతకం పెట్టాడు.

దసరాకు ముందు లారీల మీద ఇంజన్లు వచ్చాయి. పసుపు రంగువి, రెండు.

మిగతా రెండూ ఎప్పుడని ఆయన పోయి అడిగాడు. మేనేజరు కోపపడలేదట. పది గంటల డ్యూటీకి మీరే ఒప్పుకున్నారు కదా, రెండే సరిపోతాయని లెక్క తేలింది, నాలుగెందుకు తెప్పిస్తాం అన్నాడట. మీ సంతకాలే ఆ రెండింటినీ తగ్గించాయన్నాడట. ఆరుగురు డ్రైవర్లలో నలుగురే మిగిలారు, ఇద్దరిని చెరుకు తూచే కాటా దగ్గర వేశారు. ఇక ఫైర్‌మన్ డ్రైవరయ్యే మాట ఎక్కడిది? భూమన్న చేతికి ఎర్ర జెండా, పచ్చ జెండా ఇచ్చి మోస్రా బాట గేటు దగ్గర నిలబెట్టారు. గేటు అని పేరే గాని అడ్డకర్ర లేదు.

"ఇంజను మీదికెల్లి భూమ్మీదికి దింపితివి గదన్నా, నా పేరుకు తగ్గట్టు" అన్నాడట మొదటి రోజు. మా ఆయన ఆ మాట ఇంటికి వచ్చి నాకు చెప్పి, అన్నం ముందు ఊరికే కూర్చున్నాడు.

కొత్త ఇంజనులో సీటు ఎడమ పక్క ఉండేది. మొదట్లో ఆయన మెడ కుడికే తిరిగేదట. నెల పోయాక ఎడమకు అలవాటైంది. అద్దాలు ఉన్నాయి గాని ముందర పొడుగాటి ఇంజను డబ్బా ఉండేది, కుడి పక్క కింద ఏమున్నా కనబడేది కాదు. గేటు దగ్గర మాత్రం భూమన్న పచ్చ జెండా ఎత్తి "సాఫ్" అనేవాడు. ఆయన ఇంజను మెల్లగా చేసి తల బయటపెట్టి "సాఫ్" అనేవాడు. ఆ ఒక్క చోటు వస్తే పాత ఇంజను ఎక్కినట్టు ఉంటుందనేవాడు.

జనవరిలో ఒక పొద్దున, మంచు అప్పుడే విడుస్తోంది. మోస్రా గంగన్న చెరుకు దింపి ఖాళీ ఎద్దుబండితో తిరిగి పోతున్నాడు. మనిషెత్తు చెరుకు పక్క నుంచి బాట ఎక్కాడు, ఇంజనుకు కుడి పక్క నుంచి. భూమన్న పదకొండేండ్లు చూసిన పక్కకే, ఇంజనుకు ఎడమకే చూశాడు. జెండా ఎత్తి "సాఫ్" అన్నాడు. మా ఆయన సీటు ఉన్న పక్కకు చూశాడు. అదీ ఎడమే. ఆయనా "సాఫ్" అన్నాడు. ఇద్దరూ ఒకే పక్క చూశారు. కుడి పక్క ఎవరూ చూడలేదు.

ఒక ఎద్దు అక్కడికక్కడే చచ్చిపోయింది. గంగన్న కాలు మోకాలి కింద పోయింది.

ఎంక్వైరీకి ముందు రోజు అంజవ్వ మా ఇంటికి వచ్చింది. ఒళ్ళో బీడీల చాట ఉంది గాని చేతులు కదలడం లేదు. "అక్కా, జెండ ఎత్తింది మా ఆయననే. గా ముచ్చట అన్న చెప్తె మమ్ముల గేటు కాడికెల్లి గూడ ఎల్లగొడ్తరు" అంది. నేను మంచినీళ్ళు ఇచ్చాను. మాట ఇవ్వలేదు. ఆమె పోయాక మా ఆయనతో అన్నాను, జెండా ఎత్తింది అబద్ధం కాదు గదా అని.

"కాదు" అన్నాడు.

"మరి చెప్పుండ్రి."

ఆఫీసులో ఆయన చెప్పింది ఇంత అని తర్వాత మిగతావాళ్ళు చెప్తే తెలిసింది. "ఇంజను మీద ఒక్కడే అని మీరే రాసిండ్రు. నేను సంతకం పెట్టిన. ఒక్కడే అయితె రెండు పక్కలు వానియే. నేను సూడలే." జెండా మాట అడిగితే చూడలేదన్నాడట. వాళ్ళు ఆ ఒప్పందమే తీసి ఆయన ముందర పెట్టి, ఇంజను మీద నుంచి దింపారు. పిప్పి కుప్ప దగ్గర పనికి వేశారు. చెరుకు రసం తీశాక మిగిలే పిప్పిని బాయిలర్ దాకా తోసే పని. పొగ తప్పించాలని సంతకం పెట్టించాను. ఆ దుమ్ము పొగకన్నా చెడ్డది.

ఆయన సెలవు దొరికిన ఆదివారం చర్చి అయ్యాక గంగన్న దగ్గరికి పోయేవాడు. మొదట రెండుసార్లు అతను మంచం మీద అటు తిరిగి పడుకున్నాడట. మూడోసారి కూర్చోమన్నాడట. ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. భూమన్న గేటు దగ్గరే ఉన్నాడు. ఇంకో నాలుగేండ్లకు కంపెనీ చెరుకును లారీల్లో తెప్పించడం మొదలుపెట్టి పట్టాలు పీకి అమ్మేసింది. అప్పుడు అతని పనీ పోయింది. ఆ నాలుగేండ్లలోనూ, ఆ తర్వాతా అతను మా అరుగు ఎక్కలేదు. ఆయన కూడా రమ్మని అనలేదు.

పోయిన ఏడు చెరుకు కోతలప్పుడు, పొద్దుటి దగ్గు ఆగక, మా ఆయన పోయాడు. చర్చిలో ప్రార్థన అయ్యాక పెట్టె ఎత్తేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చాడో భూమన్న వచ్చి ముందు వైపు ఎడమ కొస పట్టుకున్నాడు. జుట్టంతా తెల్లబడింది. ఎవరూ వద్దనలేదు.

సమాధుల తోటకు పోవాలంటే బోధన్ రోడ్డు దాటాలి. రోడ్డు అంచుకు వచ్చి భూమన్న ఆగిపోయాడు. ఎడమకు చూశాడు. "సాఫ్" అన్నాడు, ఎప్పటి గొంతుతోనే. కాళ్ళు కదపలేదు. వెనక మోసేవాళ్ళు పదమంటున్నారు, బరువు అంటున్నారు. అతను అట్లనే నిలబడ్డాడు.

నేను పెట్టె పక్క నుంచి ముందుకు వచ్చి కుడికి చూశాను. చెరుకు లారీ ఒకటి వస్తోంది. చెయ్యి ఎత్తి అందరినీ ఆపాను. లారీ పోయింది. దాని వెనక ఏమీ లేదు. ఇంకోసారి చూశాను.

"సాఫ్" అన్నాను.

భూమన్న అడుగు ముందుకు వేశాడు.