పదింటి నుంచి ఐదింటి దాకా

మా ఊరికి సముద్రం ఎప్పటినుంచో ఉంది కానీ, దాన్ని అమ్ముకుని బతకొచ్చని తెలిసింది రైలు వచ్చాకే. అంతకుముందు ఇక్కడివాళ్లు రొయ్యలు పట్టుకునేవారు, బురదలో గుల్లలు ఏరుకునేవారు. రైలు రాగానే ఇంగ్లండు ఉత్తరాన ఉన్న మా లాంకషైర్ నేతమిల్లుల జనమంతా గాలి మార్పు కోసం మా మీద పడ్డారు. రొయ్యలు పట్టినవాళ్ల మనవరాళ్లం ఇళ్లలో గదులు అద్దెకిచ్చే దొరసానులమైపోయాం. ఆ దర్జా మాకు కాస్త తలకెక్కింది కూడా.

అందరిలోకీ ఎక్కువగా ఎక్కింది మా ఎదురింటి హిల్డా క్రాబ్‌ట్రీకి. మొగుడు యుద్ధంలో పోతే ఆమెకు ఆ ఇల్లొక్కటే మిగిలింది. ఆమె గడప తోమిందంటే దాని మీద కాలు పెట్టడానికి సొంత పిల్లికి కూడా భయం. వేసవిలో ఒక్కో ఊళ్లో ఒక్కో వారం మిల్లులు మూసేసేవారు. ఆ వారం ఆ ఊరు ఊరంతా రైలెక్కి వచ్చేసేది. ఏ కుటుంబం ఏటా ఏ ఇంట్లో దిగుతుందో ఆ ఇంట్లోనే దిగాలి, వెళ్లే శనివారమే మళ్లీ ఏడాదికి గది చెప్పుకోవాలి. మగ్గాల రొదలో పెదాలు కదిపి మాట్లాడుకోవడం అలవాటైన జనం వాళ్లు. హిల్డా వడ్డిస్తుంటే ఆమె ఎదుటే, చప్పుడు లేకుండా, ఆమెనే ఆడిపోసుకునేవారు. పాపం ఆమె "ఇంకో చెంచా బఠాణీ వెయ్యనా?" అంటూ తిరిగేది.

ఆమె ఇంట్లోనే కాదు, మా వీధి మొత్తానికీ ఒక కట్టుబాటు ఉండేది. అతిథులు పొద్దున తినేసి పదింటికల్లా బయటికి వెళ్లిపోవాలి. సాయంత్రం ఐదు దాకా గడప తొక్కకూడదు. వానొచ్చినా అంతే. "సముద్రం చూడ్డానికి వచ్చారా, నా గోడలు చూడ్డానికి వచ్చారా?" అనేది హిల్డా. వాళ్లు కిక్కురుమనకుండా పిల్లల్ని వేసుకుని ఒడ్డున కట్టిన పందిళ్ల కింద కూర్చునేవారు.

వాల్టర్, ఎల్సీ అని ఒక నేతగాళ్ల జంట పెళ్లైన ఏటినుంచీ హిల్డా ఇంటికే వచ్చేవారు. వాల్టర్ ఊపిరితిత్తుల నిండా దూది దుమ్మే. ఆ ఏడు దగ్గు బాగా ముదిరింది. ఒకరోజు పొద్దున వానా, ఈదురుగాలీ. నేను మా వాకిట్లో నిలబడి అంతా విన్నాను.

"ఒక్క గంట ఆ ముందు గదిలో చలి కాచుకునే పొయ్యి దగ్గర కూర్చుంటానమ్మా. వాన తగ్గితే నేనే పోతా," అన్నాడు వాల్టర్.

"పగలు పొయ్యి వెలిగించను, నీకు తెలీదా? ఇవాళ నీకు సరేనంటే రేపు అందరూ నా నెత్తినెక్కుతారు."

"వెలిగించొద్దులే. కుర్చీ చాలు."

"గది తుడవాలి నాయనా. సముద్రపు గాలి నీ రొమ్ముకి మంచిది. పద పద."

ఎల్సీ మొగుడి మెడకు మఫ్లర్ చుట్టి తీసుకుపోయింది. ఆ మధ్యాహ్నమే పందిరి కింద బెంచీ మీద వాల్టర్ ప్రాణం పోయింది.

ఇంట్లో ఉన్నా ఎన్నాళ్లో బతికేవాడు కాదని డాక్టరు అన్నాడు. ఆ మాట హిల్డా కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంది, తను మాత్రం నమ్మలేదు. శనివారం ఎల్సీ మళ్లీ ఏడాదికి గది చెప్పుకోకుండా రైలెక్కింది.

చలికాలమంతా హిల్డా సరిగ్గా తినలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. ఎల్సీ మళ్లీ తన గడప తొక్కాలి, ఆమెకి కావలసింది అదొక్కటే. వేసవి రాగానే కట్టుబాటు ఎత్తేసింది. తలుపులు బార్లా తెరిచి, జూలైలో కూడా పొద్దున్నుంచీ పొయ్యి వెలిగించి కూర్చుంది.

"దీనికి మతి పోయింది. బొగ్గు ఎవడబ్బ సొమ్మనుకుంటోంది?" అని వీధిలో ఆడవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అసలు ఆ పొయ్యి ముందు కూర్చునే జనం ఏరీ? వాల్టర్ ఊరివాళ్లు కోపంతో రావడం మానేశారు. మిగిలినవాళ్లు విమానమెక్కి స్పెయిన్ ఎండకి పోవడం మరిగారు.

మిల్లు సెలవుల వారంలో ఎల్సీ వచ్చింది. వచ్చి, నా తలుపు తట్టింది.

"గది ఉందామ్మా? ఆయన పోయినచోట నాలుగు రోజులు కూర్చుని పోదామని వచ్చా."

లేదనడానికి నాకు నోరు రాలేదు. ఎదురింటి కిటికీలోంచి హిల్డా చూస్తూనే ఉంది.

వాన పట్టిన రోజున కూడా ఎల్సీ పదింటికి కోటు వేసుకుంది. "ఈ వానలో ఎక్కడికి, ఉండు," అంటే వినలేదు. ఆమె వీధి మలుపు తిరిగేసరికి హిల్డా గొడుగు పట్టుకుని పరుగెత్తింది. ఏం జరుగుతుందోనని నేనూ వెంట పడ్డాను.

ఎల్సీ ఆ బెంచీ మీదే కూర్చుని ఉంది.

"ఇంటికి రా ఎల్సీ. పొయ్యి వెలుగుతోంది. రోజంతా కూర్చో, ఎవరూ లెమ్మనరు. నీ కాళ్లు పట్టుకుంటా, రా," అంటూ హిల్డా ఏడ్చేసింది. పెళ్లికొడుకు లాంటి మొగుడు పోయాడని కబురొచ్చిన రోజున కూడా ఆమె వీధిలో ఏడవలేదు.

ఎల్సీ నీళ్ల వైపే చూస్తూ అంది: "ఆయన పొయ్యి కూడా వద్దన్నాడు హిల్డా. కుర్చీ చాలన్నాడు."

హిల్డా గొడుగు ముడిచి బెంచీ చివర కూర్చుంది. ఎల్సీ దగ్గరికి రమ్మనలేదు, లేచి పొమ్మనీ అనలేదు. ఐదింటికి లేచి నా ఇంటికి వచ్చేసింది. హిల్డా అక్కడే ఉండిపోయింది.