ఈసారి మీరు మాట్లాడకండి టీచరమ్మా

మా పక్కింటి అక్క పోయింది. పోయిన గురువారం పొద్దున, గుంటూరు ఆస్పత్రిలో. ఫోన్ చేసింది ఆమె ఆడపడుచు. "మా వదిన పోయిందండి. ఇక ఆ మొద్దుని ఎవరు చూస్తారో ఏమో" అంది. మొద్దు అన్నది అక్క కూతుర్ని. ఆ అమ్మాయికి ముప్ఫై దాటాయి. చిన్నప్పుడు నా దగ్గరే చదివింది. చదివింది అనడం కంటే నా చేత దెబ్బలు తిన్నది అనడం నిజం.

మహా మాటకారి పిల్ల. "ఎక్కాలు వచ్చాయా?" అంటే "అన్నీ వచ్చండి" అనేది. మొదలుపెడితే సగంలో ఆగిపోయేది. నిన్న అప్పజెప్పింది ఇవాళ ఒక్క ముక్క గుర్తుండేది కాదు. అంత చక్కగా మాట్లాడే పిల్లకి చదువు రాకపోవడమేమిటి, ఒట్టి మొండితనం అనుకున్నాను. బెత్తం తీశాను. మిగతా దెబ్బలు ఇంటి దగ్గర అక్క వేసేది.

అక్క కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని చేసేది. సాయంత్రం ఇంటికి రాగానే మంటెత్తిన చేతుల్ని మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. ఎంత కడుక్కున్నా ఆ చేత్తో కూతురి మొహం తాకేది కాదు, కళ్ళు మండుతాయని. వీపు మీద కొట్టడానికి మాత్రం ఆ జాగ్రత్త అక్కర్లేకపోయింది.

ఆ అమ్మాయికి ఇరవై ఏళ్ళప్పుడు, ఏదీ గుర్తుండడం లేదని నేనే ఇద్దరినీ పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు అక్కని అడిగాడు, "కడుపుతో ఉన్నప్పుడు సారా గానీ కల్లు గానీ తాగేదానివా?" అని. అక్క నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "ఛ, ఛ! మా చర్చి మనిషండీ. అలాంటి అలవాట్లు లేవు." అక్క తల దించుకుంది. అది సిగ్గు అనుకున్నాను. ఆమె పరువు కాపాడానని ఇంటికొచ్చి మురిసిపోయాను కూడా. కాగితం మీద డాక్టరు "కారణం తెలియదు" అని రాశాడు. దాంతో ఇంకో పదేళ్ళు ఆ అమ్మాయి మొద్దు, అబద్ధాలకోరు, సోమరిపోతు. పెట్టిన ప్రతి పనిలోంచీ వారం తిరక్కుండా పంపేశారు.

కిందటేడు అక్కకి ఊపిరి ఆడడం కష్టమైంది. అప్పుడు తనే అడిగింది, అమ్మాయిని మళ్ళీ చూపిద్దామని. సైకాలజిస్టు గది ముందు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఈసారి మీరు మాట్లాడకండి టీచరమ్మా."

లోపలికెళ్ళి కూర్చుంది. "తాగానమ్మా. చీమకుర్తి క్వారీలో ఏడో నెల దాకా రాళ్ళు మోశా. పొద్దుగూకేసరికి నడుం విరిగిపోయేది. మేస్త్రి అందరికీ పోసినట్టే నాకూ సారా పోసేవాడు. లోపల బిడ్డకి తగుల్తదని ఒక్కళ్ళూ చెప్పలా" అంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పరీక్షలు రెండు రోజులు పట్టాయి. రంగు చెక్కలు పేర్చమన్నారు. అంకెలు తిరగేసి చెప్పమన్నారు. ఒక కథ చెప్పి, అరగంట తర్వాత మళ్ళీ అడిగారు. చుట్టాలొస్తే వంట ఏ వరసలో చేస్తావని అడిగారు. చివరికి సైకాలజిస్టు అంది, "మాటలు చూసి మీరంతా మోసపోయారు. మాటలు బాగానే ఉన్నాయి. గుర్తుపెట్టుకోవడం, పనులు వరసలో పెట్టుకోవడం, ఒక పని ఆపి ఇంకోదానికి మారడం, వీటిని చూసే మెదడు భాగం ఆ సారా వల్ల కడుపులోనే దెబ్బతింది."

"అయితే అది మొండితనం కాదా?" అంది అక్క.

"కాదమ్మా."

అక్క తన అరచేతులు చూసుకుంది. "ఎన్ని దెబ్బలు కొట్టానో" అంది. నావి కూడా తన లెక్కలోనే వేసుకుంది.

ఆ రోజు నుంచి కూతురికి పనులు ఒక్కొక్కటే చెప్పేది. ఆస్పత్రిలో పడ్డాక నాతో అంది, "తాగింది నేను. తిట్లు తినేది అదా? నేను పోయాక దాన్ని ఎవరన్నా మొద్దు అంటే జరిగింది చెప్పండి. నా పరువు చూడొద్దు."

ఆదివారం వాళ్ళింట్లో ఆదరణ కూడిక, పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థన, పెట్టారు. పాస్టరుగారు అక్కని మచ్చలేని తల్లి అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. అంతలో వంట దగ్గర్నుంచి ఆడపడుచు కేక వేసింది, "కూర మాడ్చేసిందండీ! తల్లి చచ్చినా బుద్ధి రాలా ఈ మొద్దుకి!"

నేను లేచాను. "తప్పు ఆ అమ్మాయిది కాదండి. ఈ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు అక్క తాగింది. ఆ మాట డాక్టర్లకి తనే చెప్పింది. మీకు చెప్పమని నాకు చెప్పి పోయింది. అంతకుముందు ఒకసారి అబద్ధం చెప్పింది నేను."

"పోయినదాని పరువు తీయడానికొచ్చారా టీచరమ్మా?" అన్నాడు అక్క మరిది. పాస్టరుగారు బైబిలు మూశారు. కుర్చీలు జరిగాయి. ఒక్కొక్కళ్ళూ నా వైపు చూడకుండా గుమ్మం దాటారు.

విస్తళ్ళు వేయమని అంతకుముందే ఎవరో చెప్పినట్టున్నారు. అందరూ బయట చెప్పులు తొడుక్కుంటుంటే, ఆ అమ్మాయి వరసగా ఒక్కో విస్తరీ వేసి, నీళ్ళు చిలకరించి, పక్కన గ్లాసు పెడుతూనే ఉంది.