ఇంగ్లీష్ మేడం వేసిన సీడ్

తెలియని మాట ఎదురైతే ఇప్పుడు ఫోన్ తీసి చూసుకుంటున్నాం. నాకు ఇరవై ఒక్క ఏళ్ళున్నప్పుడు ఆ సౌకర్యం లేదు. తెలియని మాటకు అర్థం మనమే పుట్టించాలి, పుట్టించింది తడబడకుండా చెప్పాలి. తడబడకపోతే అదే ఇంగ్లీష్. ఆ ఒక్క విద్యతో నేను భూపాలపల్లిలోని ఒక కంప్యూటర్ సెంటర్లో 'స్పోకెన్ ఇంగ్లీష్ మేడం'గా ఉద్యోగం సంపాదించాను. (డిగ్రీలో నాకు అతి తక్కువ మార్కులు వచ్చింది ఇంగ్లీష్‌లోనే. ఆ సంగతి సెంటర్ యజమాని అడగలేదు, నేను చెప్పలేదు.) మాది రేగొండ దగ్గర పత్తి పండించే ఇల్లు. భూపాలపల్లిలో మేనత్త దగ్గర ఉంటూ, చేతిసంచిలో టిఫిన్ డబ్బాతో, ముఖం మీద బోలెడంత గాంభీర్యంతో సెంటర్‌కు నడిచివెళ్ళేదాన్ని.

తెలంగాణ కోసం అందరూ పనులు ఆపి కూర్చున్న ఏడు అది. బడులు బంద్, బస్సులు బంద్, బొగ్గుబాయిలు బంద్. మా సెంటర్‌కు ఎదురుగానే దీక్షా శిబిరం వేశారు. మా యజమానిని అందరూ సెంటర్ అన్న అనేవాళ్ళు. ఆయన పొద్దున్నే తాళంచెవులు నా చేతిలో పెట్టి శిబిరంలో మైకు పట్టుకునేవాడు. నేర్చుకునే పిల్లలు ఒక్కరూ రారు. ఖాళీగా కూర్చోలేక బీరువా వెతికితే ఒక గేమ్ సీడీ దొరికింది. దాని మీద స్కెచ్ పెన్నుతో 'గేమ్ 3' అని రాసి ఉంది, అంతే. అసలు పేరేమిటో నాకు ఈనాటికీ తెలియదు.

పేరు లేకపోయినా అందులో కథ ఉంది. ఎక్కడో దూరంగా ఒక చందమామ, దాని కడుపులో గనులు, ఆ గనుల్లో తరతరాలుగా పనిచేసే జనం. తవ్విందంతా పైన తిరిగే ఒక పెద్ద ఓడకు పోతుంది. పీల్చుకునే గాలి మాత్రం ఆ ఓడ దయతలచి పంపినంతే. మనం ఆడేది అక్కడి నాయకురాలిగా. ఆమె వెంట ఒక ఇనుప మనిషి ఉంటాడు. గనిలో చనిపోయిన ప్రతి ఒక్కరి గొంతూ వాడి లోపల భద్రంగా ఉంటుంది. దారి చూపించే కొత్త పటాలు వాడికి ఇవ్వాలంటే లోపల చోటు చాలదు కాబట్టి, ఒక్కో గొంతును చెరిపేయాలి. ఎవరి గొంతు చెరపాలో మనమే ఎంచుకోవాలి. మొదటిసారి ఆ ప్రశ్న తెర మీదికి వచ్చినప్పుడు నేను మౌస్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

దీక్షలో ఆ రోజు వంతు లేనివాళ్ళు నీళ్ళకనీ, నీడకనీ మా సెంటర్లోకి వచ్చేవాళ్ళు. అందరికంటే ముందు వచ్చింది ఒక బొగ్గుబాయి కాక. సమ్మెలో ఉన్నా తలమీది హెల్మెట్ తీయడు గనుక ఊరంతా ఆయన్ను టోపీ కాక అనేది. ముప్పై ఏళ్ళు భూమి లోపల పనిచేసిన మనిషి. తెర మీద గనిని చూడగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పైకప్పుకు దన్ను సరిగ్గా పెట్టలేదని, అది కూలుతుందని చెప్పాడు. రెండు నిమిషాల్లో అది నిజంగానే కూలింది. మరునాటికి పది మంది అయ్యారు, వారానికి కుర్చీలు చాలక కీబోర్డుల బల్లలు ఎక్కారు. అందరిదీ ఒకటే అడుగుడు: వాళ్ళేం మాట్లాడుకుంటున్నరు మేడం?

నేను ఇంగ్లీష్ మేడంను గదా, చెప్పకుండా ఎలా ఉంటాను? తెలిసిన మాటలు పట్టుకుని తెలియనివాటి మీదుగా దూకుతూ చెప్పడం మొదలుపెట్టాను. మొదట్లో పుస్తకాల తెలుగులో చెప్పాను. 'మనము తక్షణమే బయలుదేరవలెను' అని నాయకురాలు అంటే వెనక వరసలో ఒకరిద్దరు కునుకు తీశారు. ఒకరోజు గనిలోంచి పైకి వచ్చిన ఒకడితో ఇనుప మనిషి ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు ముక్క అర్థం కాలేదు. నోటికి వచ్చింది అనేశాను. "బువ్వ తిన్నవానే?" అన్నాను. గదంతా ఒక్కసారి కుదురుకుని కూర్చుంది. అప్పటి నుంచి ఆకాశంలో ఉన్నవాళ్ళంతా మా తీరే మాట్లాడారు.

టోపీ కాక ఆ రోజు పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "సినిమాలల్ల మన మాట మాట్లాడేటోడు దొంగోడన్న అయితడు, తాగుబోతోడన్న అయితడు. గీడ నాయకురాలు మాట్లాడుతున్నది బిడ్డా" అన్నాడు. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. ఆ పొంగులో నా ఇంగ్లీష్ మీద నాకే నమ్మకం కుదిరింది. కొంప ముంచింది ఆ నమ్మకమే.

ప్రతి నిర్ణయానికీ చేతులెత్తించేదాన్ని. ఎవరి గొంతు చెరపాలో తేల్చడానికి ఒక పూటంతా పట్టేది. (మధ్యలో కరెంటు పోతే ఆడిందంతా గంగపాలు. బొగ్గు తవ్వేవాళ్ళే ఆపి కూర్చున్నారాయె, మరి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరినీ తిట్టడానికి లేదు. తిట్టాల్సినవాళ్ళంతా నా ముందే కూర్చుని ఉండేవాళ్ళు.) పోనుపోను వాళ్ళలో ఒక నమ్మకం బలపడింది. ఆ చందమామకు దాని రాజ్యం దానికి వస్తే, మనదీ వస్తుంది. శిబిరంలో ఉపన్యాసం మధ్యలో కూడా ఒకరు వచ్చి 'వాళ్ళది ఎందాక వచ్చింది' అని కనుక్కుని పోయేవాళ్ళు.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. పెద్ద ఓడ అధికారి తెర మీదికి వచ్చి పొడుగ్గా ఏదో చదివాడు. అది నాకు అందలేదు, 'బెదిరిస్తుండు' అని ఒక్క మాటలో తేల్చేశాను. తర్వాత తెర మీద రెండు మాటలు వెలిగాయి, ఏదో ఒకటి నొక్కాలి. మొదటిది సి, ఇ, డి, ఇ. కూడబలుక్కుంటే 'సీడ్' అని వచ్చింది. పత్తి చేన్ల మధ్య పుట్టిన పిల్లకు సీడ్ అంటే ఇంకేముంటుంది? విత్తనమే. స్పెల్లింగ్ కాస్త తేడాగా ఉంది గానీ, ఆకాశంలో స్పెల్లింగ్ వేరే ఉండవచ్చు అనుకున్నాను. రెండోది 'సిసీడ్'. ముందు ఎస్, ఇ అని ఎక్కువ తగిలించారంటే అది అసలుది కాదన్నమాట.

గొంతు సవరించుకుని చెప్పాను. "మొదటిది అసలు విత్తనం. కొత్త రాజ్యానికి విత్తనం ఏస్తరు. రెండోది సెకండ్ సీడ్, అంటే నకిలీది." నకిలీ విత్తనం అన్న మాట వినగానే ఒకాయన తన రెండెకరాల పత్తి ఎట్లా కాయ పట్టకుండా పోయిందో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. లెక్కపెట్టే అవసరమే రాలేదు. అన్ని చేతులూ అసలు విత్తనానికే లేచాయి. నొక్కాను.

నాయకురాలు జెండా దించింది. తాళాలు తీసుకెళ్ళి ఓడ అధికారి చేతిలో పెట్టింది. ఇనుప మనిషి కళ్ళలో దీపాలు ఆరిపోయాయి. జనం వరుసగా తలలు వంచుకుని మళ్ళీ గనిలోకి దిగారు. విత్తనం వేయడానికే పోతున్నారని నేను నీరసంగా అన్నాను.

"విత్తనం ఏసేటోళ్ళు గట్ల నడువరు బిడ్డా" అన్నాడు టోపీ కాక.

అలంకారం కోసం బీరువాలో పెట్టిన లావుపాటి డిక్షనరీ అప్పుడు తీశాను. మొదటి మాట: వదులుకొనుట, అప్పగించుట. రెండో మాట: వేరుపడుట. వేరుపడుట! శిబిరంలో అన్ని రోజులుగా మైకులో మోగుతున్నది ఆ మాటే గదా. నేను దాన్ని నకిలీ విత్తనం చేసి కూర్చున్నాను. ఆ గదిలో డిక్షనరీ చదవగలిగింది నేనొక్కదాన్నే. దాచేస్తే దాగిపోయేది, ఇంగ్లీష్ మేడం మర్యాదా దక్కేది. కానీ నమ్మిన ముఖాలు ఎదురుగా ఉంటే దాచబుద్ధి కాలేదు. రెండు అర్థాలూ పైకి చదివాను. ఇన్నాళ్ళూ చెప్పిన దాంట్లో సగం నేను కల్పించిందేనని కూడా చెప్పి ఏడ్చేశాను.

వాళ్ళు లేచి పోతారనుకున్నాను. టోపీ కాక హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆకాశంల ఉన్న ఇనుపోడు బువ్వ తిన్నవా అని ఎందుకడుగుతడు బిడ్డా? నువ్వే అనిపిస్తున్నవని మాకు అప్పుడే సమజైంది. మంచిగ అనిపిస్తున్నవని ఊకున్నం. మల్ల మొదటి నుంచి పెట్టు."

మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. ఈసారి డిక్షనరీ ఒళ్ళో ఉంది గనుక కథ నత్తనడకన సాగింది. సగంలో ఉండగా సమ్మె విరమించారు, ఎవరి షిఫ్టుకు వాళ్ళు పోయారు. తర్వాత ఆ కంప్యూటర్ చెడిపోయింది, సీడీ గీతలు పడి తెరుచుకోలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు భూపాలపల్లి అంతా రంగులే, డప్పులే. నేనూ సెంటర్ గుమ్మంలో నిలబడి చప్పట్లు కొడుతున్నాను. నెత్తినిండా గులాల్‌తో టోపీ కాక గుంపులోంచి తోసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ముందు నా నోట్లో మిఠాయి పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "మనదైతే వచ్చింది బిడ్డా. మరి వాళ్ళది?" అన్నాడు.

నాకు ఏమాత్రం తెలియదు. కానీ ఒక్క క్షణం కూడా తడబడలేదు. "వాళ్ళదీ వచ్చింది కాకా" అన్నాను. ఇనుపోడు ఎట్లున్నడని అడిగితే, కళ్ళల్ల దీపాలు మల్ల వచ్చినయన్నాను. ఆయన తృప్తిగా తలూపి డప్పుల దిక్కు పోయాడు.

ఇప్పుడు జనగామలో ఒక బడిలో నిజంగానే ఇంగ్లీష్ చెబుతున్నాను. తెలియని మాట వస్తే ఫోన్లో రెండుసార్లు చూసుకుని గానీ పిల్లల ముందు నోరు తెరవను. కథ చెబితే చాలు, ఆ గేమ్ పేరేదో వెతికిపెడతామని మా బడి పిల్లలు అంటుంటారు. వద్దంటాను. ఆ చందమామ వాళ్ళకు రాజ్యం రాలేదని తేలితే, ఆ రోజు గుమ్మంలో నిలబడి అంత ధైర్యంగా చెప్పిన పిల్లను నేను మందలించాల్సి వస్తుంది. ఆ పిల్ల ఇంగ్లీష్ ఏమంత బాగుండేది కాదు గానీ, నాకు మాత్రం ఆమె అంటే ఇష్టం.