తేమ మీద మోపిన నేరం

నెల్లూరు తీరంలో అగ్గిపుల్ల వెలగకపోయినా, ఉప్పు చెమ్మగిల్లి నీరైనా, ముసలాయన మోకాలు సలిపినా నేరం సముద్రపు గాలిదే. తోటపల్లి గూడూరులో పుట్టి పెరిగిన కరుణాకుమారి కెమిస్ట్రీ చదివి కూడా ఈ అలవాటు మానుకోలేదు. చివరికి అదే ఆమె కొంప ముంచింది.

1961లో ఆమె నెల్లూరులో ఒక కాలేజీలో డెమాన్‌స్ట్రేటరు. ముప్పై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు, అమ్మానాన్నలు పోయారు. ప్రొపిలీన్ ఆక్సైడ్ అనే ద్రవానికి క్షారం కలిపి, దాని అణువులను ఒకదానికొకటి తగిలించి పొడవాటి గొలుసులు చేయాలని ఆమె పట్టుదల. ఆ ద్రవం మన ఎండకే మరిగిపోయే రకం. అందుకని చేపల వాళ్ల దగ్గర ఐసు తెప్పించి, చల్లబరిచి, గాజు గొట్టాల్లో పోసి మూతి కరిగించి మూసేది. గొలుసు పొడవుగా పెరిగితే జిగురులా సాగాలి. ఆమెకు మాత్రం ప్రతిసారీ పలచటి నూనే మిగిలేది. నీటి చుక్క తగిలితే గొలుసులు పొట్టివైపోతాయని పుస్తకాల్లో ఉంది. ఇంకేం, దొంగ దొరికాడు!

ఆమె ఈ ప్రయోగాలు చేసుకునే కాలేజీ వెనక గదికి వచ్చి పోయే మనిషి ఒక్కతే, లైబ్రరీలో పనిచేసే పుష్పకుమారి. సాయంత్రాలు పకోడీల పొట్లం తెచ్చి, చర్చి కబుర్లు చెప్పి నవ్వించేది. కరుణాకుమారికి నా అన్నవాళ్లు ఇంకెవరూ లేరు.

నవంబరు ముసురులో ఒకరోజు, గొట్టం ఇంకా మూయకముందే పుష్ప తడి గొడుగుతో తలుపు తోసుకొని వచ్చింది. వారం తర్వాత చూస్తే ఆ గొట్టంలోనూ నూనే.

“నీ వల్లే నాశనమైపోయింది! తేమంతా లోపలికి తెచ్చినావు. ఇంక ఈ గది తొక్కొద్దు!” అని కరుణాకుమారి అటెండరు జకరయ్య ముందే అరిచింది.

పుష్ప పకోడీల పొట్లం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మరుసటి ఏడు నాయుడుపేటలో ఉద్యోగం దొరికితే అక్కడికి వెళ్లింది. చెప్పి వెళ్లలేదు.

కరుణాకుమారి కిటికీ సందులన్నీ మైనంతో పూడ్చింది. గదిలోకి ఎవరినీ రానివ్వలేదు. మధ్యాహ్నం ఒక్కతే క్యారియర్ విప్పుకుంటే ఏడుపు ముంచుకొచ్చేది. ఏడిస్తే అదీ తేమేనని ఆపుకునేది, పిచ్చితల్లి. అంత చేసినా గొట్టాల్లో నూనే.

1964 వేసవిలో, విసిగిపోయి, ఆ నూనెలో బ్రోమిన్ నీళ్లు రెండు చుక్కలు వేసింది. ఎర్రరంగు చిటికెలో మాయమైంది. రంగు పోయిందంటే అణువులో జంట బంధం ఉన్నట్టు. నీటి వల్ల పుట్టిన గొలుసైతే ఆ రంగు నిలవాలి. అప్పుడు తెలిసింది. క్షారం ఆ ద్రవపు అణువులోని వలయాన్ని తెరిచి గొలుసు కట్టాల్సిందిపోయి, పక్కనున్న హైడ్రోజన్‌ను పీకేస్తోంది. పెరుగుతున్న గొలుసు ఆ హైడ్రోజన్‌ను తీసుకుని అక్కడితో ఆగిపోతోంది. హైడ్రోజన్ పోయిన అణువు నుంచి కొసన జంట బంధంతో ఇంకో గొలుసు మొదలవుతోంది. సగం కట్టిన పూలదండ వదిలేసి మళ్లీ కొత్త దండ మొదలుపెట్టినట్టు. తప్పు ఆ ద్రవం గుణంలోనే ఉంది.

బీరువాలోంచి “పుష్ప తలుపు తీసిన రోజు” అని చీటీ అంటించిన గొట్టం తీసింది. దాంట్లోనూ రంగు మాయమైంది. ఆ నూనె చిక్కదనం కొలిస్తే మిగతావాటితో సమానంగానే ఉంది. ఆమె స్టూలు మీద కూలబడి బావురుమంది.

మర్నాడే నాయుడుపేట బస్సెక్కింది. పుష్ప ఆమెను లోపలికి పిలిచి అన్నం పెట్టింది. కరుణాకుమారి తింటూనే గొలుసుల సంగతంతా చెప్పుకొచ్చింది. “తేమ కాదే పుష్పా. నువ్వేం తప్పు చేయలేదు. రుజువు తెచ్చినాను చూడు” అంటూ సంచిలోంచి కాగితాలు తీసింది.

పుష్ప కాగితాలు తాకలేదు. విస్తట్లో ఇంకాస్త పులుసు పోసింది.

“తేమే అని తేలుంటే, అక్కా, నువ్వు వచ్చుండేదానివా?”