నాకూ అదే వచ్చిందమ్మా!

ఇమాం సాహెబ్ చిచ్చా ఏ పనీ మొదటిసారి సరిగ్గా చేసిన పాపాన పోలేదు. మాచర్లలో కంప్యూటర్లు బాగుచేసే షాపు ఆయనది. ఆ షట్టర్‌లోనే సగం నాది. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి ఫోన్లకు గ్లాసులు అంటిస్తుంటాను. కాబట్టి ఆయన తప్పులకు ప్రత్యక్ష సాక్షిని నేనే.

ప్రింటర్ తెస్తే కాగితం తిరగేసి పెడతాడు. పాస్‌వర్డ్ చెబితే క్యాప్స్ లాక్ వేసి కొడతాడు. ప్లగ్గు పెట్టకుండానే కంప్యూటర్ కాలం చేసిందని సంతాపం ప్రకటిస్తాడు. ఆపైన వాళ్లకొచ్చిన ఎర్రరే తనకూ వచ్చిందని ఒకటే మాట: "అరెరే, నాకూ అదే వచ్చిందమ్మా!"

రెంటచింతల నుంచి సబీహా టీచర్ ఒకసారి ప్రొజెక్టర్ తెచ్చింది. చిచ్చా వైరును సరైన బొక్కలో తప్ప మిగతా అన్నిటిలో గుచ్చాడు.

"ఇటివ్వండి సాయిబు గారూ, మీకన్నా మా మూడో క్లాసు పిల్లలు నయం," అని ఆమే లాక్కుని పెట్టుకుంది. గోడ మీద బొమ్మ పడింది. ఆవిడ వెలిగిపోతూ వెళ్లింది. చిచ్చా సిగ్గులేకుండా చప్పట్లు కొట్టాడు.

"చిచ్చా, బోర్డు మీద 'మీది మీరే బాగుచేసుకోండి' అని రాయించు," అన్నాను.

"అంత పొడుగు బోర్డు యాడ దొరుకుద్దిరా?"

మొన్న ఎండాకాలం అంకారావు వచ్చాడు. నాపరాళ్ల మీద ఉలితో పేర్లు చెక్కుతాడు. వెంట చెల్లెలు హిమజ, ఆమె చేతిలో ల్యాప్‌టాప్. ఆయన భుజం మీద ఒక ఇనుప పెట్టె, రాయి చెక్కే కంప్యూటర్ మిషన్ తాలూకు కంట్రోల్ బాక్సు, దానికి తగిలించిన చిన్న మోటారు.

"ఈ మిషన్ రాళ్లు చెక్కుద్దని మా చెల్లి పట్టుబట్టి తెప్పించింది సాయిబు గారూ. వారం నుంచి ఎర్రర్లు చెక్కుతా ఉంది. ఇయ్యాల పలక్కపోతే సాయంత్రం లారీకెక్కించి వెనక్కి పంపిస్తన్నా. ఆమె కూడా ఇంక ఇంట్లో కూర్చోవాల్సిందే."

"అప్‌డేట్ పడ్డాక డ్రైవర్ పోయింది బాబాయ్," అంది హిమజ. "మళ్లీ కంపైల్ చేస్తంటే హెడర్ ఫైల్ లేదంటంది."

"చదివిందంట బీటెక్కు!" అన్నాడు అన్న. ఆ అమ్మాయి తల దించుకుంది.

"ఎండన పడొచ్చారు. పక్కన నిమ్మసోడా తాగి రండి," అని చిచ్చా ల్యాప్‌టాప్, పెట్టె బల్ల మీద పెట్టించి ఇద్దరినీ పంపేశాడు.

సంగతేమిటంటే, కంప్యూటర్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లోకి దూరి మిషన్‌ను నడిపే డ్రైవర్‌ను కంపైల్ చెయ్యాలంటే, అంటే తయారు చెయ్యాలంటే, ఆ కెర్నెల్ కొలతలుండే హెడర్ ఫైళ్లు కావాలి. టైలర్‌కు ఆది జాకెట్టు ఎలాగో అలా. అప్‌డేట్‌లో కెర్నెల్ కొత్తదైంది. ఆదికి మాత్రం పాత జాకెట్టే మిగిలింది.

చిచ్చా కెర్నెల్ నంబరు చూశాడు, అదే నంబరు హెడర్లు నెట్‌లోంచి దించాడు, కంపైల్ కొట్టాడు. ఒక్క ఎర్రర్ లేదు. పెట్టె మీద పచ్చలైటు వెలిగింది, మోటారు జుయ్‌మంది. మొదటిసారే! అంటిస్తున్న గ్లాసు నా చేతిలో పుటుక్కుమంది.

అంతలో ఆయన డ్రైవర్ పీకేశాడు, హెడర్లు తుడిచేశాడు. ఎర్రర్ ఎప్పటిలాగే వచ్చి కూర్చుంది.

"ఏంది చిచ్చా, ఎండ గాని కొట్టిందా?"

"నోర్మూసుకో ఫయాజ్. నేను చేస్తే మిషన్ బాగవుద్ది. ఆ పిల్ల గతేంది?"

వాళ్లు తిరిగొచ్చేసరికి ఆయన చెమటలు కక్కుతూ మీటలు వెతుకుతున్నాడు. "అరెరే, నాకూ అదే వచ్చిందమ్మా!"

"సరిపోయింది," అన్నాడు అంకారావు. "ఏమే, ఈయన దగ్గరికా తీసుకొచ్చావు నన్ను?"

చిచ్చా పట్టించుకోకుండా పైకి చదవడం మొదలుపెట్టాడు. "కెర్నెలేమో ఆరు పాయింట్ ఎనిమిది. హెడరేమో ఆరు పాయింట్ ఐదు. ఈ అంకెలు నా కళ్లకానట్లేదమ్మా. రెండూ ఒకటేనా?"

హిమజ వంగి చూసింది. "ఒకటి కాదు బాబాయ్! ఎనిమిదికి ఎనిమిదే ఉండాల. లేవండి, లేవండి."

కుర్చీకి స్ప్రింగు ఉందా అన్నట్టు చిచ్చా లేచాడు. హిమజ ఎనిమిది హెడర్లు దించి చకచకా కంపైల్ కొట్టింది. పచ్చలైటు. జుయ్.

అంకారావు పెట్టె వైపు, చెల్లెలి వైపు మార్చి మార్చి చూశాడు. "మళ్లీ చెడితే?"

"మళ్లీ చేస్తా అన్నా. ఎందుకు చెడిందో తెలిసింది గదా."

ఆయన కాసేపు మీసం గోక్కుని ఫోన్ తీశాడు. "ఒరేయ్, సాయంత్రం లారీ వద్దులే. ఆఁ, మిషన్ ఉంటది. మా చెల్లి చూసుకుంటది."

పెట్టె భుజానికెత్తుకుని గడప దాటినవాడు మళ్లీ వెనక్కొచ్చాడు. చిచ్చాను జాలిగా చూశాడు.

"సాయిబు గారూ, పెద్దోళ్లు, ఏమనుకోబాకండి. ఇట్టాంటి రిపేరు మళ్లీ ఏదన్నా వస్తే ఇబ్బంది పడొద్దు. మా హిమజకు ఫోన్ చెయ్యండి."

"చానా మేలు నాయనా," అన్నాడు చిచ్చా. "నంబరిచ్చి పో."