తూర్పుకు తిప్పిన ఎనిమిదో నంబరు

ఏప్రిల్ 9, మంగళవారం. మహబూలా దాటి ఎడారిలోకి, మా కంపెనీ కొత్త లేబర్ క్యాంపు.

హాజరైనవారు: నేను, క్యాంపు సూపర్వైజరును. ఎనిమిదో నంబరు క్యాబిన్‌లో ఉండే ఎనిమిది మంది, అందరూ మా కడప, రాయచోటి వైపు వాళ్ళే. వాళ్ళలో ఒకరు మేస్త్రీ, ఇంకొకరు ఫోర్క్‌లిఫ్ట్ నడిపే సాయిబు. ఇంజనీరు రాలేదు, సిటీ ఆఫీసులో ఉన్నాడు.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. పదవీ విరమణ చేశాక పాత డైరీలు వరుసగా చదువుతున్నాను. చాలా పేజీలు చూసీ చూడనట్టు తిప్పేస్తాను. దీని దగ్గర మాత్రం ఇప్పటికీ ఆగిపోతాను.

మా క్యాబిన్లు ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వచ్చే రేకు ఇళ్ళు. వాటికి పునాది ఉండదు. నేల చదును చేసి, సిమెంటు దిమ్మెల మీద కూర్చోబెట్టి, రసమట్టంతో సరిచూస్తాం. తరువాత ఒక్కో క్యాబిన్‌కు ఆరు చోట్ల పొడవాటి ఇనుప మరలు నేలలోకి తిప్పి దించుతాం. వాటిని యాంకర్లు అంటాం. క్యాబిన్ అడుగున ఉన్న కొక్కేల నుంచి యాంకర్లకు ఇనుప పట్టీలు బిగిస్తాం. గాలికి ఇల్లు లేచిపోకుండా పట్టి ఉంచేవి అవే. ఒక్కో యాంకర్‌ను చైన్ బ్లాక్ అనే గొలుసు కప్పీతో పైకి లాగి చూడాలి. కదలకపోతేనే ఆ క్యాబిన్ తనిఖీ కాగితం మీద సంతకం. 'నా కళ్ళతో చూశాను' అని ఆ కాగితం మీద రాసి ఉంటుంది, దాని కింద నా పేరు.

గురువారం నాడు అన్నీ లాగి చూశాను. డైరీలో ఒక్కో నంబరు పక్కన 'గట్టిగా ఉంది' అని రాసుకున్నాను. శుక్రవారం సెలవు. శనివారం వేరే సైటు పని ఉండి ఇటు రాలేదు, ఆఫీసులోనే కూర్చుని, డైరీ చూసి, కాగితాలన్నిటి మీదా సంతకాలు పెట్టాను. డైరీలో ఉంది కదా, మళ్ళీ చూడటం ఎందుకనుకున్నాను.

మంగళవారం మూడు గంటలకు క్యాంపులో జీపు దిగాను. ఆ వరుసలో క్యాబిన్ల తలుపులన్నీ దక్షిణానికి ఉండాలి. చివరిది, ఎనిమిదో నంబరు, తూర్పుకు తిరిగి ఉంది.

దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. పట్టీలు కిందికి వేలాడుతున్నాయి. వాటి కొసలు సిమెంటు దిమ్మెలకు చుట్టి, కనిపించకుండా పైన ఇసుక పోశారు. గురువారం నేను లాగి చూసిన యాంకర్లలో రెండు క్యాబిన్ కిందికి పోయాయి, నాలుగు బయట ఉత్తినే నిలబడి ఉన్నాయి. దేనికీ ఏదీ కట్టి లేదు.

మేస్త్రీని పిలిచాను. తలగుడ్డ విప్పుకుంటూ వచ్చాడు.

"ఎవరు తిప్పారు దీన్ని?"

"మేమే సార్. శుక్రారం నాడు. సాయిబన్న బండితో ఎత్తినాడు, మేం పట్టుకున్యాం."

"ఎందుకు?"

"దచ్చిణం వాకిలి సార్ అది. పాత క్యాంపులో గూడా మాకు దచ్చిణం వాకిలే ఇచ్చినారు. ఏమయింది? ఒకనికి కాలిరిగె. ఇంగొకనికి ఈ దేశంలో ఉండేదానికిచ్చే ఇఖామా కాయితం రెండు నెల్లు ఆఫీసులోనే ఇరుక్కుండె. మల్లా ఆ ఇంట్లోకే పొమ్మంటారా?"

ఫోర్క్‌లిఫ్ట్ సాయిబు వెనక నుంచి అన్నాడు. "నేను చెప్పినా సార్ వీళ్ళకి. నమాజుకు దిక్కు గావాలంటే నేను తిరిగి నిలబడతా గానీ ఇంటిని తిప్పనురా అని. నా మాట ఇంటే గదా!"

"ఊరికే తిప్పినావా నువ్వు? బిర్యానీ తిని తిప్పలా?" అని మేస్త్రీ. అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. పడమర వైపు ఆకాశం అడుగున గోధుమరంగు గీత ఒకటి కనిపిస్తోంది. ఏప్రిల్‌లో ఇక్కడ ఉన్నట్టుండి విరుచుకుపడే గాలివానను అరబ్బులు సరాయాత్ అంటారు. వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. వస్తే మాత్రం కాసేపట్లో వచ్చేస్తుంది. పొద్దుటి నుంచి ఫోన్లో హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. ఈ రేకు పెట్టెలో ఎనిమిది మంది పడుకోబోతున్నారు. అది గట్టిగా ఉందని సంతకం పెట్టింది నేను.

దాన్ని మళ్ళీ పాత దిక్కుకు తిప్పమన్నాను. సాయిబు తల అడ్డంగా ఊపాడు. బండిని పొద్దునే వేరే సైటుకు తీసుకుపోయారట. స్టోరులో వెతికితే కొత్త యాంకర్లు రెండే దొరికాయి. వాటిని దించే యంత్రం లేదు. గడ్డపార అడ్డంగా దూర్చి, నలుగురు చొప్పున చుట్టూ తిరుగుతూ చేతులతో తిప్పారు. గాలి వచ్చే పడమర వైపు రెండు మూలలా వాటిని దించేసరికి అయిదు దాటింది. చైన్ బ్లాక్‌తో లాగి చూశాను, కదల్లేదు. పట్టీలు బిగించాం. తూర్పు వైపు ఏమీ లేదు.

అప్పటికి ఆ గీత పెద్దదై గోడలా లేచింది. గాలి ఇంకా లేదు. నాకు అదే ఎక్కువ భయంగా అనిపించింది.

"పరుపులు తీసుకుని మెస్ క్యాబిన్‌లోకి పదండి. ఈ రాత్రి ఇందులో ఎవరూ పడుకోవద్దు" అన్నాను.

ఎవరూ కదల్లేదు. మేస్త్రీ నెమ్మదిగా అన్నాడు. "సార్, తప్పుగా అనుకోవాకండి. ఉత్త క్యాబిన్ అయితే గాలికి లేచ్చాది. ఎనిమిది మంది బరువుంటే యాడికి పోతాది? మేము లోపలుంటేనే అది నిలబడేది."

అది విని ఒక్క క్షణం నేను కూడా లెక్క వేశాను. నిజం చెప్పాలి, వేశాను. అంత ధైర్యంగా అన్నాడు.

సాయిబే కాపాడాడు. "ఏం బరువు రా మనం? ఈ మెస్సులో పప్పునీళ్ళు తాగి తాగి ఎనిమిది మందీ కలిసినా గేదెదూడంత లేము. లెయ్యండి, పెద్దాయన చెప్తాండాడు గదా. యల్లా!"

మొదట అతనే పరుపు చుట్టి భుజాన వేసుకున్నాడు. మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు కదిలారు. మేస్త్రీ చివరికి వచ్చాడు. వచ్చేముందు గుమ్మానికి కట్టిన నిమ్మకాయ గట్టిగా ఉందో లేదో చూసుకున్నాడు.

మెస్ క్యాబిన్ రెండో నంబరు. దాన్ని ఎవరూ కదపలేదు. డైరీ తీసి చూసుకున్నాను. ఆరు యాంకర్లు, ఆరూ గట్టిగా ఉన్నాయని నా చేతిరాతే. బల్లలు పక్కకు జరిపి పరుపులు పరిచారు. నేను ఇంజనీరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఎనిమిదో నంబరు కాగితం మీద నా సంతకం తప్పని కూడా చెప్పాను. "మనుషులు బయట ఉన్నారా?" అని మాత్రం అడిగాడు. ఉన్నారన్నాను. "పొద్దున వస్తాను."

ఫోన్ పెట్టేలోపే గాలి వచ్చింది. ముందు దుమ్ము, తరువాత వాన, ఆ తరువాత రెండూ కలిసి. ఇసుక రేకు మీద కొడుతుంటే ఎవరి మాట ఎవరికీ వినిపించలేదు. నేను గోడకు వీపు ఆనించి కూర్చుని, ఎనిమిదో నంబరు వైపు నుంచి చప్పుడు వస్తుందేమోనని చెవులు అటే పెట్టాను. నేనున్న క్యాబిన్ గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి అందరం బయటికి వచ్చాం. ఆకాశం కడిగినట్టు ఉంది. ఎనిమిదో నంబరు లేచిపోలేదు. పడమర పట్టీలు రెండూ పట్టుకునే ఉన్నాయి. తూర్పు మూల మాత్రం దిమ్మె మీద నుంచి జారి నేలలో దిగబడింది. తలుపు ఇరుక్కుపోయి తెరుచుకోలేదు. కిటికీలోంచి చూస్తే ఇనుప మంచాలన్నీ ఒకే మూలకు చేరి ఉన్నాయి. మేస్త్రీ చాలాసేపు చూశాడు. "లోపలుంటే కాళ్ళు పోయేటివి" అన్నాడు, అంతే.

ఇంజనీరు ఏడింటికి వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. నేను సంతకాలు పెట్టిన కాగితాలన్నీ చేతిలో పట్టుకుని, "ఒకటో నంబరు నుంచి అన్నీ మళ్ళీ లాగండి" అన్నాడు.

ఒకటో నంబరువి ఆరూ కదల్లేదు. రెండోది మెస్. మొదటి రెండు యాంకర్లు బాగున్నాయి. మూడోది నేను వీపు ఆనించి కూర్చున్న గోడ కింద ఉంది. ఆ పక్కనే ఆదివారం నాడు వంటింటి మురుగు పైపు కోసం ప్లంబర్లు కాలువ తవ్వి పూడ్చారట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. రాత్రి వాన నీరంతా ఆ మెత్తటి మట్టిలోకే దిగింది. సాయిబు గొలుసు ఒక్క గుంజు గుంజాడు. తడినేలలోంచి ముల్లంగి వచ్చినట్టు యాంకర్ మొత్తం పైకి వచ్చేసింది.

ఎనిమిది మందీ దాన్ని చూశారు, తరువాత నన్ను చూశారు. వాళ్ళను అందులో పడుకోమన్నది నేనే.

ఇంజనీరు రెండో నంబరు కాగితం నా చేతికిచ్చాడు. జేబులోంచి కలం తీసి నా సంతకం మీద అడ్డంగా గీత కొట్టాను. అప్పటికే సాయిబు, మేస్త్రీ చెరో వైపు చైన్ బ్లాక్ ఎత్తి పట్టుకుని నాకోసం చూస్తున్నారు. నాలుగో యాంకర్ దగ్గరికి నడిచాం.